ఏడో గుంట డైరీ

మొదటి శనివారం

మా బామ్మర్ది ఉద్యోగం వెతుక్కోవడానికి హిందూపురం నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. పగలు ఇంటర్వ్యూలకు చదువుకుంటాడు, రాత్రి పది దాటాక కూర్చుని బొమ్మలు వేస్తాడు. నాకు పగలు ఆఫీసులో టెస్టింగు, రాత్రి అతని బొమ్మలకు కోడింగు. ఆరు నెలలుగా ఇద్దరం కలిసి గేములు తయారుచేసే గోడో ఇంజిన్‌లో ఒక మినీ గోల్ఫ్ ఆట చేస్తున్నాం. పైనుంచి చూసే టూడీ ఆట, మొత్తం తొమ్మిది గుంటలు. హోల్ అనాలి నిజానికి. గోళీలాడి పెరిగినవాళ్ళం కాబట్టి నోటికి గుంట అనే వస్తోంది. ఆట తీరు కూడా అదే. గోళీని వేలికి ఆనించి వెనక్కి వంచి వదిలినట్టు, మౌస్‌తో బంతిని వెనక్కి లాగి వదలాలి.

ఆరు గుంటలు అయిపోయాయి. ఏడోది అంతరిక్షం. ప్లాన్ అంతా అతనిదే. మధ్యలో ఒక గ్రహం, దాని ఎడమ పక్కన టీ, అంటే బంతిని కొట్టడం మొదలుపెట్టే చోటు. గుంటేమో టీకి వెనకాల, కాస్త కిందుగా, గోడకు అవతల ఉంటుంది. నేరుగా పోయే దారి లేదు. బంతిని పైకి కొడితే అది గ్రహం ఆకర్షణకు వంగి, ముప్పావు చుట్టు తిరిగి, కింది నుంచి వచ్చి చందమామ నేల లాంటి నాలుగు మీటర్ల పట్టీ మీదికి ఎక్కి, దొర్లుకుంటూ వెళ్ళి గుంటలో పడాలి. బొమ్మ చూసి మా ఆవిడ, "ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది" అంది. ఏడో గుంటకు అదే పేరు పెడదామా అని కాసేపు ఆలోచించాం కూడా.

ఉగాదికి హిందూపురంలో టీవీకి తగిలించి ఇంటిల్లిపాదితో ఆడించాలని ప్లాను. దానికి రెండు షరతులు పెట్టుకున్నాం. మా ఆవిడ ఏడో గుంటను నాలుగు షాట్లలో ముగించగలగాలి. నేను రెండింటిలో ముగించాలి. చేసినవాడికే రాని లెవెల్‌ను చుట్టాల ముందు పెట్టడం బాగుండదు కదా.

అదే రాత్రి

బంతిని టీ మీద పెట్టి రన్ చేస్తే ఎవరూ కొట్టకుండానే జారుకుంటూ తెర కిందికి వెళ్ళిపోయింది. గోడోలో టూడీ గ్రావిటీ మొదట్లోనే సెకనుకు సెకనుకు 980 పిక్సెళ్ళుగా పెట్టి ఉంటుంది. పక్క నుంచి చూసే ఆటలకు అది సరే, పైనుంచి చూసే ఆటకు సున్నా చేయాలి. కొత్త లెవెల్‌ను కొత్త ప్రాజెక్టులో మొదలుపెట్టి, పాత సెట్టింగులు తేవడం మర్చిపోయాను. రెండు నిమిషాల పని. దానికి గంట పట్టిందన్న సంగతి బామ్మర్దికి చెప్పలేదు.

రెండో వారం

ముందు చందమామ పట్టీ ఒక్కటే విడిగా చేశాం. ఇందులో ఆకర్షణ భూమి మీద ఉన్నదాంట్లో ఆరో వంతు, సెకనుకు సెకనుకు 9.81 మీటర్లకు బదులు 1.62. నేల రాపిడీ అదే లెక్కన తగ్గుతుంది.

"చందమామ మీద కొడితే మైళ్ళకు మైళ్ళు పోతాదంట గదా బావా" అన్నాడు. ఆ మాట వ్యోమగామి అలన్ షెపర్డ్‌ది. 1971 ఫిబ్రవరి 6న అపోలో 14 యాత్రలో, మట్టి తీసే పరికరం పిడికి గోల్ఫ్ కర్ర తల తగిలించి, బిగుసుకుపోయే స్పేస్ సూట్‌లో ఒంటి చేత్తో రెండు బంతులు కొట్టాడు. తర్వాత ఫొటోలను పెద్దవి చేసి కొలిస్తే రెండో బంతి కూడా సుమారు 40 గజాలే వెళ్ళిందని తేలింది. మైళ్ళు కాదు, మా వీధి మొదట్లోని బేకరీ దాకా.

మూడు మీటర్ల దూరం నుంచి భూమి పట్టీ మీద 50 షాట్లు, చందమామ పట్టీ మీద 50 షాట్లు కొట్టి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. భూమి మీద 31 పడ్డాయి, చందమామ మీద 12. చాలా బంతులు గుంట మీదుగానే దాటిపోయాయి. గుంటను పెద్దది చేద్దామని బామ్మర్ది, వద్దని నేను. ఎందుకు వద్దో మాత్రం నాకప్పటికి తెలీదు.

మర్నాడు 500డి బస్సులో నిలబడి లెక్క వేశాను. సిల్క్ బోర్డు దాకా బోలెడు టైము.

గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు, బంతి సుమారు 43. బంతి గుంట మీదుగా పోతున్న సేపట్లో తన సగం ఎత్తన్నా కిందికి జారితేనే అవతలి అంచుకు తగిలి లోపల పడుతుంది. భూమి మీద అంత జారడానికి సెకనులో 66 వేల వంతులు అని రాసి, తప్పు చూసుకుని కొట్టేశాను. 0.066 సెకను. అంటే బంతి సెకనుకు 1.3 మీటర్ల కంటే మెల్లగా రావాలి. చందమామ మీద పడటం నిదానం కాబట్టి 0.53 కంటే మెల్లగా రావాలి. గుంట నోరు చిన్నదైనట్టే లెక్క.

ఇక్కడే ఆగి ఉంటే గుంటను పెద్దది చేసేసేవాళ్ళం. ఇంటికొచ్చి వెంకట్రామా క్యాలెండర్‌లో పోయిన నెల కాగితం చించి, దాని వెనక మిగతా లెక్క చేశాను. చందమామ మీద రాపిడి కూడా ఆరో వంతే కాబట్టి మూడు మీటర్లు వెళ్ళడానికి కావాల్సిన వేగమూ గుంట దగ్గరి వేగం తగ్గినంతే, 2.46 రెట్లు తగ్గుతుంది. భూమి మీద 1.9 నుంచి 2.3 మధ్య కొడితే పడుతుంది. చందమామ మీద 0.77 నుంచి 0.94 మధ్య కొట్టాలి. రెండో జతను 2.46తో గుణిస్తే మొదటి జతే వస్తుంది. ఆకర్షణను అన్ని చోట్లా ఒకే లెక్కన తగ్గిస్తే ఆట కష్టమూ కాదు, సులువూ కాదు. అదే ఆట నిదానంగా నడుస్తుంది, అంతే.

మరి 31 ఎక్కడ, 12 ఎక్కడ?

తప్పు మా లాగుడు కొలతలో ఉంది. మౌస్‌ను 200 పిక్సెళ్ళు లాగితే సెకనుకు 6 మీటర్ల వేగం వచ్చేలా మొదటి గుంట నుంచీ పెట్టుకున్నాం. ఆ లెక్కన భూమి మీద పడే షాట్లకు 14 పిక్సెళ్ళ వెసులుబాటు ఉంటే, చందమామ మీద 5, మహా అయితే 6. టచ్‌ప్యాడ్ మీద వేలు వణికితేనే అంత పోతుంది. చందమామకు ఈ సంగతే తెలీదు పాపం, తప్పంతా దాని మీద వేశాం. ఏడో గుంటలో మాత్రం 200 పిక్సెళ్ళకు 2.44 మీటర్లు అని మార్చి మళ్ళీ 50 కొడితే 29 పడ్డాయి.

బంతి ఆగడానికి మాత్రం దాదాపు 8 సెకన్లు పడుతోంది, భూమి మీద మూడే. మా ఆవిడ కొట్టేసి ఫోన్ చూసుకుంటోంది. "పాకంలో పడ్డ చీమలా పోతోంది మీ బంతి" అంది. దానికి మందు లేదు. చందమామ అంటే అదే.

మూడో వారం, ఆదివారం

గొడవ. ఈసారి నిజం గొడవే.

గ్రహం కోడ్ బామ్మర్ది రాశాడు. నేను కూరగాయలకు వెళ్ళి వచ్చేసరికి అతని లాప్‌టాప్‌లో ఒకే షాట్‌లో గుంటలో వేశాడు. నా కళ్ళెదుట మళ్ళీ వేశాడు, మూడోసారీ వేశాడు. నా లాప్‌టాప్‌లో అదే కోణం, అదే లాగుడు పెట్టి కొడితే బంతి గ్రహాన్ని లెక్కచేయకుండా తిన్నగా తెర దాటిపోయింది.

"నీకు చెయ్యి తిరగల్యా బావా. ఇంకా ఆడాల నువ్వు" అన్నాడు. మధ్యాహ్నం మూడింటి దాకా ఆడాను. భోజనం చల్లారింది, కోపం చల్లారలేదు.

టెస్టింగు పని చేసేవాడికి ఆలస్యంగానైనా బుద్ధి వస్తుంది. చేత్తో కొట్టడం మానేసి, కోణం, లాగుడు అంకెల్లో టైపు చేస్తే బంతి దానంతటదే వెళ్ళేలా చిన్న కోడ్ రాశాను. ప్రతి షాట్‌కూ బంతి ఎక్కడెక్కడ ఉందో ఫైల్లో పడుతుంది. రెండు లాప్‌టాప్‌లలో ఒకే అంకెలు ఇచ్చాను. పదో వరసకే రెండు ఫైళ్ళూ వేరైపోయాయి. చెయ్యి తిరగడం, తిరగకపోవడం ప్రశ్నే కాదు.

అతను ఆకర్షణను ఫ్రేమ్ ఫ్రేముకూ, అంటే తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ నడిచే ఫంక్షన్‌లో పెట్టాడు. ప్రతి ఫ్రేముకూ వేగానికి ఇంత కలుపు అని రాశాడు, రెండు ఫ్రేముల మధ్య గడిచిన కాలంతో గుణించలేదు. అతనిది గేమింగ్ లాప్‌టాప్, సెకనుకు 144 ఫ్రేములు. నాది ఏడేళ్ళనాటిది, 60. అతని గ్రహం నా గ్రహం కంటే 2.4 రెట్లు గట్టిగా లాగుతోందన్నమాట. మళ్ళీ రెండున్నరకు దగ్గరి అంకె, కాకపోతే ఈసారి చందమామకు సంబంధం లేదు. ఉగాదికి ఆ ఆటను హిందూపురం టీవీకి తగిలించి ఉంటే ఇంకో కొత్త గ్రహం పుట్టేది.

చేత్తో రాసిన కోడ్ తీసేసి గోడోలోనే ఉన్న ఏరియా నోడ్ వాడాం. దాంట్లో ఆకర్షణను ఒక బిందువు వైపు పెట్టొచ్చు. ఎంత దూరంలో ఎంత ఉండాలో చెబితే, దూరం రెట్టింపైనప్పుడు ఆకర్షణ నాలుగో వంతుకు తగ్గడం అదే చూసుకుంటుంది. గ్రహం వ్యాసార్థం 80 పిక్సెళ్ళు, మా లెక్కలో 0.8 మీటరు. ఉపరితలం మీద ఆకర్షణ 2. ఫిజిక్స్ ఎప్పుడూ సెకనుకు 60 అడుగులే వేస్తుంది, లాప్‌టాప్ ఏదైనా సరే. పట్టీ మొదలయ్యే చోట గ్రహం ఆకర్షణ ఆగిపోయేలా చేశాం. నిజం ప్రపంచంలో కుదరదు, మా ప్రపంచంలో కుదురుతుంది.

రాత్రి అతను సారీ చెప్పలేదు. ఫిల్టర్ కాఫీ పెట్టి తెచ్చాడు.

మూడో వారం, బుధవారం

ఇవాళ పని కాలేదు, వాదనే. "మంగళయాన్ మాదిరి గ్రహం సుట్టూ తిప్పి స్పీడు పెంచి ఇసిరేద్దాం బావా" అన్నాడు. మంగళయాన్ చేసింది అది కాదు. 2013 నవంబరు 5న పైకి వెళ్ళాక భూమి చుట్టూ తిరుగుతూ, దగ్గరికి వచ్చినప్పుడల్లా సొంత ఇంజిన్ మండించి కక్ష్యను సాగదీసుకుంటూ, డిసెంబరు 1న భూమిని వదిలింది. గ్రహం పరుగులోంచి వేగం అప్పు తెచ్చుకున్నవి నాసా వాయేజర్ నౌకలు. అదీ గ్రహం తను కదులుతుంటేనే. మేకు కొట్టినట్టు తెర మధ్యలో నిలబడ్డ మా గ్రహం దగ్గర బంతి ఎంత వేగంతో వస్తే అంత వేగంతోనే బయటికి పోతుంది, దిక్కు మాత్రం మారుతుంది. గ్రహాన్ని కదిలిస్తే సమయం చూసి కొట్టే ఆట అవుతుంది, ఆలోచించి కొట్టే ఆట కాదు. నాకు రెండోదే ఇష్టం. మంగళయాన్‌ను నడిపించింది ఈ ఊళ్ళోనే, పీణ్యలో ఉన్న ఇస్రో వాళ్ళ ఇస్ట్రాక్ కేంద్రం నుంచి. ఆదివారం అటు పోయి గేటన్నా చూసొద్దాం అన్నాడు. రింగ్ రోడ్డు ట్రాఫిక్ గుర్తొచ్చి ఇద్దరం ఊరుకున్నాం.

నాలుగో వారం

కోడ్ సరిచేశాక ఎవరి లాప్‌టాప్‌లోనూ బంతి తిరగడం లేదు.

టీ దగ్గర గ్రహం కేంద్రానికి దూరం 1.2 మీటర్లు. ఆ దూరంలో గుండ్రంగా తిరగాలంటే సెకనుకు 1.03 మీటర్ల వేగం కావాలి, లాగుడులో 84, 85 మధ్య. అంకె టైపు చేసి వదిలితే బంతి చక్కగా వంగుతుంది, సగం చుట్టు తిరిగేలోపే గ్రహం మీద పడి చతికిలబడుతుంది. 95తో కొడితే ఇంకాస్త దూరం పోయి పడుతుంది. 110తో కొడితే పైన తెర అంచు దాకా పోయి వెనక్కి వచ్చి పడుతుంది. లెక్క తప్పా అని నాలుగుసార్లు చూశాను. లెక్క సరిగానే ఉంది. మూడు రాత్రులు పోయాయి.

చివరికి పట్టుకుంది మా ఆవిడ. కోడ్ ఆమెకు రాదు, బంతినే చూస్తూ కూర్చుంది. "గ్రహం లేనిచోట కూడా ఇది నిదానిస్తోంది కదా. మీ అంతరిక్షంలో గాలుందా ఏంది?" అంది.

ఉంది. గ్రహాన్ని తీసేసి ఖాళీ తెర మీద బంతిని వదిలి ఫైలు చూస్తే వేగం సెకనుకు దాదాపు పదో వంతు తగ్గుతోంది. బంతి సెట్టింగుల్లో లీనియర్ డ్యాంప్, అంటే వేగాన్ని తగ్గించే అంకె, సున్నా అనే ఉంది, నా చేత్తో నేనే పెట్టాను. కానీ దాని కిందే డ్యాంప్ మోడ్ అని ఇంకోటి ఉంటుంది. అది కంబైన్‌లో ఉంటే, బంతి సున్నాకు ప్రాజెక్టు మొత్తానికి ముందే పెట్టి ఉన్న 0.1ను కలుపుకుంటుంది. రీప్లేస్ అని మార్చాలి. ఇంత చిన్న అంకెకు ఇంత పెద్ద పని. మామూలు గుంటల్లో నేల రాపిడి కింద ఇది కనపడనే కనపడదు, మొదటి ఆరు గుంటల్లోనూ దాక్కుని ఉంది. కక్ష్యలో తిరిగే బంతికి మాత్రం రెండున్నర సెకన్లలో ప్రాణం తీస్తుంది. భూమికి సుమారు 400 కిలోమీటర్ల పైన ఉన్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికీ ఇదే బాధ. అక్కడి పలచటి గాలికే అది మెల్లగా దిగుతుంటుంది, అప్పుడప్పుడు ఇంజిన్లు మండించి పైకి నెడుతుంటారు.

రీప్లేస్ చేశాం. 85 కొట్టాం, పట్టీ కూడా తీసేసి. బంతి మా గ్రహం చుట్టూ తిరిగింది. ఏడు సెకన్లకు ఒక చుట్టు. బామ్మర్ది కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ముగ్గురం మాట్లాడకుండా పది చుట్లదాకా చూశాం. కుక్కర్ కూత పెడితే మా ఆవిడ లేచింది.

నాలుగో వారం, శనివారం

పట్టీ పెట్టాం. ఇక ఆట.

84తో కొట్టాను. ముప్పావు చుట్టు తిరిగింది, పట్టీ ఎక్కింది, తిన్నగా గుంట మీదికి వచ్చింది, మీదుగా దాటిపోయింది. ఫైల్లో గుంట దగ్గర వేగం 0.54. పడాలంటే 0.53 దాటకూడదు. వెంట్రుకవాసి.

మెల్లగా కొడితే సరి అనుకుని 80కి తగ్గించాను. ఇంకా జోరుగా వచ్చి దాటింది, 0.64. 82 అయితే 0.59. ఇంకో బగ్గు అనుకుని నా టెన్షన్ నాది. డ్యాంప్ మోడ్ మళ్ళీ చూశాను, ఫ్రేముల లెక్క మళ్ళీ చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి.

బగ్గు కాదు. మెల్లగా కొడితే బంతి గ్రహానికి దగ్గరగా జారుతుంది, జారేటప్పుడు వేగం పుంజుకుంటుంది. కింది వైపుకు వచ్చేసరికి నేను ఇచ్చిన దానికంటే ఎక్కువ వేగంతో ఉంటుంది. గట్టిగా కొడితే దూరంగా ఎక్కుతుంది, ఎక్కే కొద్దీ అలసిపోతుంది. 1965 జూన్‌లో జెమినీ 4 అంతరిక్ష నౌకను నడిపిన మెక్‌డివిట్‌కూ ఇదే ఎదురైంది. తన రాకెట్ తాలూకు ఖాళీ దశ దగ్గరికి చేరాలని దాని వైపే ఇంజిన్ కొడుతూ పోయాడు, దూరం పెరిగిందే గానీ తగ్గలేదు, ఇంధనం తగలబడుతోందని మానుకున్నారు. మెల్లగా రావాలంటే గట్టిగా కొట్టాలి అని కాగితం మీద రాసి చూసుకుంటే నాకే నవ్వొచ్చింది.

87తో కొట్టాను. టీ వదిలి కాస్త వెడల్పుగా తిరిగింది. పట్టీ ఎక్కింది. పాకంలో చీమలా దొర్లింది. గుంట అంచు మీద ఒక క్షణం ఊగిసలాడినట్టనిపించింది, పడింది. గుంట దగ్గర 0.47.

అది అంకెలు టైపు చేసి. చేత్తో ఆడితే లెక్క వేరు. మా ఆవిడ మూడో షాట్‌కు వేసింది. రహస్యం ఆమెకు చెప్పలేదు. మొదటిది దాటిపోగానే, "దాటింది కదా, ఇంకాస్త గట్టిగా కొడతా చూద్దాం" అని తనే పెంచింది. ఎందుకు పెంచావంటే తగ్గిస్తే ఎలాగూ మీరిద్దరూ చేసి చూసే ఉంటారుగా అంది. బామ్మర్ది ఆరు షాట్లు కొట్టి, "ఈ మౌస్ బాగల్యా" అని లేచిపోయాడు. నాది నాలుగు.

దారి చూపే చుక్కల గీత ఎంత పొడవుండాలనేది ఇంకా తేలలేదు. మా ఆవిడ గుంట దాకా చూపించమంటుంది, బామ్మర్ది అసలు వద్దంటాడు. ప్రస్తుతానికి టీ నుంచి గ్రహం పైభాగం దాకా పెట్టాను, ఇద్దరికీ నచ్చలేదు. రెండు షాట్ల షరతు నా మెడ మీద అలాగే ఉంది. రేపు పొద్దున 86తో మొదలుపెడతాను, టచ్‌ప్యాడ్ కాదు, అతను బాగలేదన్న ఆ మౌస్‌తోనే.